వాటా మోసుకొచ్చినవాడు

భద్రాచలంలో రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ ఇమ్లీబన్‌లో దిగుతాం. మూసీ నది నడుమ ఉన్న బస్టాండు అది. వంతెన దాటితే పాతబస్తీ. శిక్షణ తరగతులకనో, ఆఫీసులో ఆగిపోయిన కాగితం కోసమనో, ఉస్మానియా ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని చూడటానికనో ఆదివాసీ టీచర్లం మేము నగరానికి వచ్చిన ప్రతిసారీ మొదట కాలు పెట్టేది ఇక్కడే. ఇక్కడ దిగినప్పుడల్లా మాకు ఒక మనిషి గుర్తొస్తారు. ఇవే ఆర్టీసీ బస్సుల్లో వచ్చి, ఆటో మాట్లాడుకుని శాసనసభకు వెళ్లిన ఎమ్మెల్యే సున్నం రాజయ్య.

మాలో ఒకరు తరగతిలో ఆయన గురించి చెబుతుంటే ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి ఒక మాట అడిగాడు. "సార్, మూడుసార్లు ఎమ్మెల్యే అయ్యుండి కారు కూడా కొనుక్కోలేదంటే ఆయనకి చేతగాకనా, వద్దనుకునా?" పిల్లలంతా నవ్వారు. టీచరుకి మాత్రం వెంటనే జవాబు దొరకలేదు. ఆ రోజు "మంచివాడు కాబట్టి" అని చెప్పి పాఠం ముందుకు నడిపించాం. ఆ జవాబు చాలదని మాకు తెలుసు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి ఇవ్వవలసిన జవాబే.

ముందు మనిషి వివరాలు చెప్పుకుందాం. రాజయ్య గారిది వరరామచంద్రాపురం మండలం సున్నంవారిగూడెం. కోయ బిడ్డ. సీపీఎం తరఫున భద్రాచలం నియోజకవర్గం నుంచి 1999లో, 2004లో, 2014లో గెలిచారు. 2014లో ఏర్పడిన తెలంగాణ శాసనసభలో ఆ పార్టీకి ఆయనొక్కరే సభ్యుడు. పోడు భూమికి పట్టా, 1/70 చట్టం అమలు, పోలవరం ముంపు ఆయన సభలోనూ బయటా పట్టుకుని తిరిగిన విషయాలు. 2020 ఆగస్టు మొదటి వారంలో కరోనా సోకి విజయవాడలో కన్నుమూశారు. ఆయనకు ముందు అదే భద్రాచలం నుంచి 1985, 1989, 1994లలో వరసగా గెలిచిన కుంజా బొజ్జి గారు మరో ఎనిమిది నెలలకు, 2021 ఏప్రిల్‌లో, తొంభై అయిదేళ్ల వయసులో వెళ్లిపోయారు. ఆయనా కోయే, ఆయనదీ అదే పార్టీ, అదే నిరాడంబరమైన బతుకు. అవి నలుగురు గుమిగూడకూడని రోజులు. చివరిచూపు దక్కనివాళ్లు చాలామంది. ఆ బాకీ మన మీద ఇంకా ఉంది.

ఆయన గురించి ఎవరు మాట్లాడినా ముందుగా ఆటో కథే చెబుతారు. ఆటోలో సచివాలయానికి వెళితే, ఎమ్మెల్యే అని నమ్మక గేటు దగ్గర ఆపారని పత్రికల్లో వచ్చిన సంగతి అది. వినగానే మనకి ఆయన మీద గౌరవం పెరుగుతుంది. కానీ ఆ కథలో ఒక చిక్కు ఉంది.

ఆదివాసి అంటే పేదగా, నెమ్మదిగా, ఉన్నదానితో తృప్తిగా ఉండాలనుకునేవాళ్లు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ కథ చాలా ముద్దుగా వినిపిస్తుంది. "చూడండి, ఎంత అమాయకుడో" అంటారు. రాజయ్య గారు అమాయకులు కారు. చట్టం చదివి, లెక్క అడిగి, ధర్నాలో కూర్చున్న మనిషి. పేదరికం గొప్పదని మన పిల్లలకి నేర్పితే మనం తప్పు చేసినవాళ్లం అవుతాం. మన పిల్లలు కారు కొనుక్కోవాలి, మంచి ఇంట్లో ఉండాలి, డాక్టర్లు కావాలి. కారు లేకపోవడం దానికదే గుణం కాదు. అలాంటప్పుడు ఆయనలో మనం గౌరవించేది దేన్ని?

దీనికి జవాబు పుస్తకాల్లో వెతికాం. చివరికి మన ఊళ్లోనే దొరికింది.

విత్తనాల పండగకి మన పల్లెల్లో మగవాళ్లు కలిసి వేటకి పోవడం పాత ఆచారం. దొరికినదాన్ని ఊరికి తెచ్చి ఇంటింటికీ వాటా వేస్తారు. బాణం తగిలించినవాడి పేరు చెప్పుకుంటారు, సంతోషిస్తారు. అయినా వేటకి రాలేని ముసలమ్మకీ వాటా వెళుతుంది, మగదిక్కు లేని ఇంటికీ వెళుతుంది. అడవికి పోయినవాడు తన కోసం పోలేదు, ఊరి కోసం పోయాడు. భుజాన మోసుకొస్తున్నది ఊరిది. అందుకే మోసేవాడు దారిలో కూర్చుని తినడు. ఎవరైనా తింటే ఊరు అతణ్ణి దొంగ అని తిట్టదు. అతణ్ణి లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. దొంగ అనిపించుకోవడం కంటే అది పెద్ద శిక్ష.

శాసనసభలో ఎస్టీ స్థానం అలాంటి వాటా. రాజ్యాంగం 332వ అధికరణం ప్రకారం వచ్చినది. తెలంగాణలోని 119 స్థానాల్లో 12, ఆంధ్రప్రదేశ్‌లోని 175లో 7 మనవి. రాజ్యాంగ సభలో జైపాల్‌సింగ్ ముండా లాంటివాళ్లు నిలబడి మాట్లాడితే, అంతకుముందు వంద చోట్ల ఆదివాసులు నెత్తురు కార్చితే వచ్చిన వాటా అది. గెలిచిన మనిషి దాన్ని మోసుకొచ్చేవాడు మాత్రమే. దారిలో తినకుండా ఊరిదాకా తెచ్చాడా లేదా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ఇలా చూస్తే ఆటో కథకి వేరే అర్థం వస్తుంది. ఆయన పార్టీలో ఎమ్మెల్యే జీతం పార్టీకి ఇచ్చి, పార్టీ ఇచ్చే వేతనంతో బతకడం పద్ధతి. అంటే తన చేతికి వచ్చినది తనది కాదన్న లెక్క ముందే రాసిపెట్టుకున్నారు. ఇక బస్సు సంగతి. బస్సులో పక్క సీటు ఎవరిదైనా కావచ్చు. పట్టా రాని రైతు కూర్చోవచ్చు, పింఛను ఆగిన అవ్వ కూర్చోవచ్చు. "రాజయ్యా, నా పని ఏమైంది?" అని మొహం మీద అడగొచ్చు. కారు అద్దం ఎక్కించుకుంటే ఆ ప్రశ్న వినిపించదు. ఆయన వదులుకున్నది సుఖం అనుకుంటాం. నిజానికి ఆయన వదులుకున్నది ప్రశ్న నుంచి తప్పించుకునే దారిని. మనం గౌరవించేది దాన్ని.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా స్టాఫ్‌రూముల్లోనే చాలాసార్లు విన్నాం. "మంచివాడే, కాదనం. కానీ మూడుసార్లు గెలిచి ఏం కట్టాడు? ఏం మిగిల్చాడు?" దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మూసీకి అవతల పాతబస్తీనే చూడండి. సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకి గెలిచారు. తర్వాత 1984 నుంచి 2004 దాకా హైదరాబాద్ ఎంపీగా ఉన్నారు. 2008లో పోయారు. ఆయన రాజకీయాలతో ఎవరికి ఎన్ని విభేదాలున్నా, 1980లలో ఆయన పూనికతో దక్కన్ పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ వచ్చాయి. తన సమాజంలో పిల్లలు చదువుకి దూరమవుతున్నారని చూసి సంస్థలు కట్టడం సేవే. అవి ఇవాళ్టికీ కనిపిస్తున్నాయి, చేత్తో తాకొచ్చు. రాజయ్య గారి పేరు చెప్పుకుని తాకి చూడటానికి మనకేముంది?

న్యాయంగా చెప్పుకోవాలి. సంస్థ కట్టడానికి డబ్బు కావాలి, నగరం కావాలి, వెనక నిలబడే వర్తకులు, చదువరులు కావాలి. సభలో ఒంటరిగా ఉన్న ప్రతిపక్ష సభ్యుడి చేతిలో నిధులు ఉండవు, ఫైలు ఉండదు. ఉన్నది గొంతు ఒక్కటే. ఆయన చేసిన పని కట్టడం కాదు, కాపు కాయడం. చేలో మంచె మీద కూర్చుని రాత్రంతా అరిచేవాడు ఒక్క గింజా పండించడు. అతను లేకపోతే పందులు చేను మేసి పోతాయి. తెల్లారి చేను నిలిచి ఉంటే అది అతని పని అని ఎవరికీ కనిపించదు. చేను పోయినప్పుడే అందరూ మంచె వైపు చూస్తారు. కట్టినవాడి సేవ కంటికి కనిపిస్తుంది. కాపు కాసినవాడి సేవని మాత్రం ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి. అందుకే వాళ్ల గురించి రాయవలసిన బాధ్యత మనలాంటివాళ్ల మీద ఎక్కువగా ఉంది.

అయితే ఇంకా గట్టి ప్రశ్న ఒకటి మిగిలింది. కాపు కాసినా చేను మునిగితే?

ఇమ్లీబన్ అంటే చింతతోపు. ఆ పేరు వింటే 1908 గుర్తొస్తుంది. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. నగరం ఆ చెట్టుని ఇవాళ్టికీ తలుచుకుంటుంది. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరం మీదికి మళ్లీ వరద రాకుండా ఆనకట్టలు వేశారు. మన మీదికి నీళ్లు తేవడానికి పోలవరం ఆనకట్ట కడుతున్నారు. ఖాళీ చేయాల్సిన కుటుంబాలు లక్షకు పైనే అన్నది సర్కారు చెప్పిన లెక్కే. అందులో పెద్ద భాగం ఆదివాసులు. ఆ నీళ్లు అందుకునే కింది రైతు మనకి శత్రువు కాడు. కానీ అతని పంట కోసం మన ఊరు మునగాలంటే ముందు మనల్ని అడగాలి కదా.

2014 ఏప్రిల్ 30న మనవాళ్లు భద్రాచలం ఎమ్మెల్యేని ఎన్నుకున్నారు. రాజయ్య గారు గెలిచారు. మే నెలాఖరులో ఆర్డినెన్స్ వచ్చింది, జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, పట్టణం తప్ప మిగిలిన భద్రాచలం మండలం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లిపోయాయి. రాజయ్య గారి ఊరు ఒక రాష్ట్రంలో, ఆయన కూర్చునే సభ మరో రాష్ట్రంలో. ఆయనకి ఓటు వేసినవాళ్లలో చాలామంది ఆ సభకి పరాయివాళ్లు అయ్యారు. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. అప్పుడు ఖమ్మంలో కలిపారు, 2014లో చీల్చారు. రెండుసార్లూ గోదావరి ఎటూ కదల్లేదు, కోయ ఊళ్లూ ఎటూ కదల్లేదు. గీతలే కదిలాయి.

ఆ గీతని ఆయన ఆపలేకపోయారు. ముంపునీ ఆపలేకపోయారు. 2009లో ఓడిపోయారు. 2019లో గీతకి అవతల, రంపచోడవరం నుంచి పోటీ చేసి మళ్లీ ఓడిపోయారు. ఎవరి కోసం తిరిగారో వాళ్లలో చాలామంది ఓట్లు వేరే గుర్తుకి పడ్డాయి. ఇదంతా దాచి ఆయన్ని గొప్ప చేయడం ఆయనకి గౌరవం కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి ఆ మండలాల్లో ఊళ్లకి ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడు, పడవలో నిలబడి అధికారిని నిలదీయడానికి ఆయన లేరు.

గెలవని పోరాటానికి విలువ ఉందా? మా జవాబు ఇది. ముంపు తప్పకపోవచ్చు. కానీ "ఎవరూ అడగలేదు, అందరూ ఒప్పుకున్నారు" అని రాసుకోనిస్తే మన పిల్లలకి రేపు అడిగే హక్కు కూడా మిగలదు. కాదన్నవాడు ఒక్కడున్నా చాలు, ఆ కాగితం పూర్తికాదు. పరిహారం కోసం, మారుభూమి కోసం, ఊరంతా ఒకేచోట ఉండేలా కాలనీ కోసం ఇవాళ అడుగుతున్న ప్రతివాడూ ఆ కాదన్న మాట మీదే నిలబడి అడుగుతున్నాడు. ఓడిపోయిన మనిషి మనకి మిగిల్చింది అది. చేత్తో తాకలేం కానీ దాని మీద నిలబడగలం.

ఇప్పుడు మా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. మాలో చాలామంది టీచర్లం అయ్యింది జీవో నంబరు 3 వల్ల. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. మన భాష తెలిసినవాడు మన పిల్లలకి చెప్పాలన్నది దాని వెనకున్న ఆలోచన. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉన్న ఉద్యోగాలు పోలేదు, కొత్తగా చదువుతున్నవాళ్లకి దారి మూసుకుపోయింది. అంటే మా ఉద్యోగం కూడా ఊరి వాటాయే. ఊరు ఎవరి చేతిలోనో పెట్టి పంపిన ముక్క.

దాన్ని మేమేం చేశాం? ముంపు సభలు జరిగినప్పుడు మేం బడి కిటికీలోంచి చూశాం. సర్వీసు నిబంధనలు అన్నాం. ఆ నిబంధనలు నిజమే. కానీ తల్లిదండ్రులు నోటీసు కాగితం తెచ్చి "ఇందులో ఏముంది సారూ?" అని అడిగితే చదివి చెప్పడానికి ఏ నిబంధనా అడ్డం రాదు. మాలో కొందరు అది కూడా చేయలేదు. పట్టణంలో ఇల్లు కట్టుకున్నాం, పిల్లల్ని ఇంగ్లిషు బడికి పంపాం, ఇంట్లో కోయ మాట మానేశాం. ఇల్లు కట్టుకోవడం తప్పు కాదు. ఊరికి వెళ్లాల్సిన వాటా మా గడప దగ్గరే ఆగిపోవడం తప్పు. రాజయ్య గారి ఫోటోకి దండ వేస్తున్నప్పుడు మాకు ఇబ్బందిగా ఉండేది అందుకే. ఆయన్ని దేవుణ్ణి చేస్తే ఆ ఇబ్బంది పోతుంది. దేవుడిలా మనం ఉండలేం కదా అని తప్పించుకోవచ్చు. ఆయన దేవుడు కాడు, మనలాంటి మనిషి. ఆయన చేసింది మనమూ చేయగలం. దండ కంటే బరువైన విషయం ఇదే.

పాతబస్తీ సుల్తాన్‌షాహీలో మీర్ మోమిన్ దాయిరా అనే పాత స్మశానం ఉంది. కులీ కుతుబ్‌షా దగ్గర పేష్వాగా ఉండి, 1591లో ఈ నగరానికి రూపం గీసిన మీర్ మోమిన్ అక్కడ ఉన్నారు. ఆయన చుట్టూ పేరున్న దివాన్లూ ఉన్నారు, పేరు లేని మామూలు జనమూ ఉన్నారు. అంత నగరం కట్టినవాడు పక్కన ఎవరున్నారని చూడకుండా మట్టిలో కలిశాడు. అది చూసినప్పుడు మన కోయ పల్లెల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టే రాళ్లు గుర్తొచ్చాయి. ఆ రాతి మీద పేరు ఉండదు, బొమ్మ ఉండదు. అది ఎవరి రాయో తెలియాలంటే ఊళ్లో ఒకరు చెప్పాలి. చెప్పేవాళ్లు ఉన్నంతకాలమే అది గుర్తు. చెప్పేవాళ్లు పోతే వట్టి బండ.

విగ్రహం పెడితే వద్దనం. కానీ విగ్రహం మన బదులు మాట్లాడదు. చెప్పే పని మనదే. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు చేయగలిగినవి చిన్నవే. గ్రామసభకి వెళ్లండి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి ఏ అధికారం ఇచ్చాయో చదివి ఒక్క తీర్మానం మీ చేత్తో రాయండి. చదువురాని పెద్దవాళ్లకి నోటీసు చదివి చెప్పండి. తోటి టీచర్లూ, ఎమ్మెల్యే అంటే ఎవరో పాఠంలో చెప్పేటప్పుడు, ఆయన్ని మనం ఏమడగాలో కూడా పిల్లల చేత రాయించండి. రేపు మీలో ఎవరైనా ఆ సీట్లో కూర్చుంటే కారులోనే వెళ్లండి, ఎవరూ తప్పుపట్టరు. అద్దం మాత్రం దించి ఉంచండి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. వాడికి మా జవాబు ఇది. చేతగాక కాదు నాయనా, ఊరికే వద్దనుకునీ కాదు. ఆయన భుజం మీద ఉన్నది ఆయనది కాదు. మనది. దారిలో దాన్ని విప్పలేదు, అంతే. ఇప్పుడు అది మన గుమ్మం దాకా వచ్చింది. ఇక్కణ్ణుంచి పక్కింటికి మోయాల్సింది నువ్వూ, మేమూ.